ఒక ఫ్లాటు, ఇద్దరు హక్కుదారులు, నాలుగు ధరలు

ఇంటి విలువ తెలుసుకోవాలంటే బ్రోకర్ల చుట్టూ తిరగడం దండగ. విడాకులకు సిద్ధపడ్డ దంపతులను అడగండి. ఒకే ఫ్లాటుకు రెండు ధరలు చెబుతారు. రెండూ ఒట్టేసి మరీ చెబుతారు.

కూకట్‌పల్లిలో మూడో అంతస్తు, తూర్పు ముఖం, డబుల్ బెడ్‌రూమ్ అనుకుందాం. ఇల్లు ఆయన ఉంచుకుంటాడట. ఆవిడకు తన వాటా డబ్బుగా కావాలట. మొన్నటిదాకా చుట్టాలొస్తే బాల్కనీలో నిలబెట్టి "కోటి దాటింది బావగారూ" అన్న పెద్దమనిషి ఇప్పుడు ఇంటి విలువ కట్టే వాల్యూయర్ చెయ్యి పట్టుకుని బాత్రూమ్ గోడ తడిమిస్తున్నాడు. "చూడండి సార్, చెమ్మ! పైవాళ్ల లీకేజీ. ముట్టుకుంటే పెచ్చులూడుతోంది." ఆ చెమ్మ గురించి ఆవిడ ఏళ్ల తరబడి మొత్తుకుంది. అప్పుడు ఆయనగారికి కనబడలేదు, ఇప్పుడు ఆవిడకు కనబడటం లేదు. "వానాకాలం కదండీ, ఎవరింట్లో ఉండదు?" అంటోంది. ఒకరి మాటలు ఒకరు ఇంత పొల్లుపోకుండా అప్పజెప్పడం వాళ్ల కాపురంలో ఇదే మొదలు.

వాల్యూయర్ గారు తొణకరు. ఆయనకు గుర్తింపునిచ్చింది 1957 నాటి సంపద పన్ను చట్టం. ఆ పన్నును 2015 బడ్జెట్‌లోనే ఎత్తేశారు. పన్ను పోయినా వాల్యూయర్లు మిగిలారు. అందుకే కాబోలు, పోయిన కాపురంలో మిగిలినదాన్ని లెక్కగట్టడం వాళ్లకే చెల్లింది. ప్లింత్ ఏరియా (కట్టడం విస్తీర్ణం), అన్‌డివైడెడ్ షేరు (స్థలంలో ఫ్లాటుకొచ్చే వాటా), బిల్డింగు వయసును బట్టి తరుగుదల అన్నీ రాసుకుంటారు. మోడ్యులర్ కిచెన్ ఎవరి పుట్టింటి డబ్బుతో పెట్టించారో రాసే కాలమ్ మాత్రం ఆ ఫారంలో ఉండదు.

మూడో ధర రిజిస్ట్రేషన్ శాఖది, అంటే స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం కట్టే విలువ. ఆ రేటుకు ఫ్లాటు ఇప్పించమంటే సబ్-రిజిస్ట్రార్ వల్ల కూడా కాదు. కొన్నప్పుడు సేల్ డీడ్‌లో రాయించింది ఆ అంకే. మిగతాది సంచీలో ఇచ్చారు. సంచీలో సగం ఆవిడ నాన్నగారిది. ఇప్పుడు భర్తగారు భక్తిశ్రద్ధలతో సేల్ డీడ్ చూపిస్తుంటే, ఆవిడ సంచీని గుర్తుచేస్తోంది. సంచీకి రసీదు ఉండదని వేరే చెప్పాలా!

విడిపోతే ఇల్లు చెరిసగం అనే సూత్రం మన చట్టంలో లేదు. దస్తావేజులో పేరు, పెట్టిన డబ్బుకు రుజువు, ఆపైన బేరం. పరస్పర అంగీకార విడాకులకు హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ ఆరు నెలలు ఆగాలని గడువు పెట్టింది. అది తప్పనిసరేమీ కాదని 2017లో సుప్రీంకోర్టు అంది. మనసులు కుదుటపడటానికి ఆరు నెలలు ఎక్కువే కావచ్చు గానీ, చదరపు అడుగు రేటు తేలడానికి ఏ మూలకు?

అన్నీ తేలాక బ్యాంకు ఉంటుంది. హోమ్‌లోన్ మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. కోర్టిచ్చిన విడాకుల డిక్రీ చూపిస్తే మేనేజరు సానుభూతిగా తలూపి, "మీకు విడాకులొచ్చాయి, మా లోనుకు రాలేదు" అంటాడు. ఆవిడ పేరు తీసేయాలన్నా, ఆవిడ వాటా కట్టడానికి టాపప్, అంటే అదనపు లోను, ఇవ్వాలన్నా ఆయన ఒక్కడి జీతం సరిపోవాలి, ఫ్లాటు విలువ మళ్లీ కట్టాలి. బ్యాంకు ప్యానెల్ వాల్యూయర్ వస్తాడు, అది నాలుగో ధర. లోను పెరగాలంటే ఆయనకు ఇల్లు మళ్లీ కోటి దాటక తప్పదు. అందుకే ఆవిడ తరఫు లాయరు సెటిల్‌మెంట్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టించలేదు. బ్యాంకు రిపోర్టు కాపీ రానివ్వమంటోంది.