సవరణ: విమర్శలు పడ్డది సినిమాకి, సిరీస్‌కి కాదు

పిల్లలకి సెలవుల్లో చూపించదగ్గ యానిమేషన్ సిరీస్‌ల గురించి పోయిన వారం పెట్టిన పోస్టులో, ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ను విమర్శకులు ఏకిపారేశారని ఉంది. అది చదివి, "మావాడు ఇక చూడనంటున్నాడండి" అని అమలాపురం నుంచి ఒకావిడ రాశారు. చూడనివ్వండి. ఆ తిట్లన్నీ ఇదే కథతో 2010లో దర్శకుడు శ్యామలన్ తీసిన సినిమాకి పడ్డవి. 2005 నుంచి 2008 దాకా నికెలోడియన్ అనే పిల్లల టీవీ ఛానెల్లో వచ్చిన 61 ఎపిసోడ్ల సిరీస్‌కి మెచ్చుకోళ్ళతో పాటు టీవీ, రేడియో కార్యక్రమాలకిచ్చే అమెరికా పురస్కారం పీబడీ అవార్డు కూడా దక్కింది.

అదే పోస్టులో, కథానాయకుడు ఆంగ్‌ని వెంటాడే రాకుమారుడు జూకోని ‘విలన్’ అన్న మాట కూడా మారుస్తున్నాం. కొత్త సైనికుల్ని బలి పెట్టొద్దని యుద్ధ సభలో నోరు విప్పినందుకు, కన్నతండ్రే మొహం కాల్చి దేశం నుంచి వెళ్ళగొట్టిన కుర్రాడతను. కొడుకుని యుద్ధంలో పోగొట్టుకున్న పెదనాన్న ఐరో వెంటే ఉండి దారిలో పెడుతుంటాడు. రెండో సీజన్ చివర, ఇక మారిపోయాడనుకున్న చోట జూకో ఆ పెదనాన్ననే వదిలేసి చెల్లెలు అజూలా పక్కన చేరతాడు. నాకు ఈ సిరీస్‌లో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే. మంచితనం అతనికి ఒక్కసారిగా రాదు, మూడో సీజన్లో గానీ ఆంగ్ దగ్గరికి చేరడు.

చూపులేని టాఫ్ అనే అమ్మాయి కనిపించేది రెండో సీజన్లో, ఆ పోస్టులో రాసినట్టు మొదటి దాంట్లో కాదు. పాదాలతో నేల అదురుని పసిగట్టే ఆ పిల్ల కోసం అప్పటిదాకా ఓపిక పట్టాలి.