జెవైల్ ఒక్కరికే నోబెల్: ఆ నిర్ణయం ఎందుకు సబబు

1999లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని రాయల్ స్వీడిష్ అకాడమీ ఎవరికీ పంచలేదు. ఫెమ్టోసెకండ్ (సెకనులో పది కోట్ల కోట్ల వంతు) వర్ణపటశాస్త్రంతో రసాయన చర్యల పరివర్తన స్థితులను అధ్యయనం చేసినందుకు, అప్పట్లో అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఈజిప్టు సంతతి శాస్త్రవేత్త అహ్మద్ జెవైల్ ఒక్కరికే ఇచ్చింది. ఆ పరిశోధనకు ఆయువుపట్టయిన అతిస్వల్ప లేజర్ స్పందనల్లో (పల్స్‌ల్లో) ముందంజ వేసింది అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లోని చార్లెస్ షాంక్ బృందం కాబట్టి, వారికీ వాటా దక్కాల్సిందన్న వాదన కొట్టిపారేయదగింది కాదు. అయినా అకాడమీ నిర్ణయమే సబబని నేను భావిస్తున్నాను.

ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రం చదివిన వారికి శక్తి రేఖాచిత్రం గుర్తుండే ఉంటుంది: ఒకవైపు క్రియాజనకాలు, మరోవైపు క్రియాజన్యాలు, నడుమ ఒక శిఖరం. 1889లో అర్హీనియస్ ఉత్తేజన శక్తి భావనకు పునాది వేశాక, 1930లలో ఐరింగ్, పొలాన్యీ వంటివారు ఆ శిఖరం మీది స్థితికి, అంటే పరివర్తన స్థితికి, సిద్ధాంత రూపమిచ్చారు. కానీ ఆ స్థితిని చూసినవారు లేరు. పరమాణువులు సుమారు సెకనుకు కిలోమీటరు వేగంతో కదులుతాయనుకుంటే, ఒక ఆంగ్‌స్ట్రామ్ (సెంటీమీటరులో పది కోట్ల వంతు) దూరం దాటడానికి వాటికి పట్టేది 100 ఫెమ్టోసెకండ్లు, అంటే సెకనులో పది లక్షల కోట్ల వంతు. మెరుపు కాంతితో వేగవంతమైన చర్యలను పట్టుకున్నందుకు 1967లో నోబెల్ పొందిన నోరిష్, పోర్టర్‌ల పద్ధతి కూడా అంత లోతుకు వెళ్లలేకపోయింది.

ఇంత చిన్న వ్యవధిని కొలిచే గడియారం లేదు గనుక, జెవైల్ బృందం కాలాన్ని దూరంగా మార్చి కొలిచింది. మొదటి లేజర్ స్పందన అణువుల్లో చర్యను ప్రారంభిస్తుంది, రెండవది ఆ క్షణాన వాటి స్థితిని చదువుతుంది. రెండవ స్పందన వెళ్లే దారిలోని అద్దాన్ని ఒక్క మైక్రాన్ వెనక్కి జరిపితే, కాంతి రానూపోనూ రెండు మైక్రాన్లు అదనంగా ప్రయాణించి, దాదాపు 6.7 ఫెమ్టోసెకండ్లు ఆలస్యంగా చేరుతుంది. అద్దాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ ప్రయోగాన్ని పదేపదే చేస్తే, చర్య మొత్తం దశలవారీగా బయటపడుతుంది. మొదటి స్పందనతోనే అసంఖ్యాకమైన అణువులు ఒకేసారి బయలుదేరుతాయి గనుక, వాటి కదలికలు ఒకదానిలో ఒకటి కలిసి చెరిగిపోవు. ఈ పద్ధతిలో అసలైన మర్మం ఇదేనని నా అభిప్రాయం.

షాంక్ వంటివారు స్వల్ప స్పందనలను ఘన పదార్థాలపైనా, పెద్ద జీవ అణువులపైనా ప్రయోగించారు. అవి విలువైన పరిశోధనలే. కానీ వేలాది పరమాణువులున్న చోట ఏ బంధం ఎప్పుడు తెగిందో విడమరచి చెప్పడం కష్టం. జెవైల్ ఎంచుకున్న అయోడిన్ సయనైడ్‌లో ఉన్నవి మూడే పరమాణువులు. అందులో అయోడిన్, కార్బన్‌ల నడుమ బంధం సుమారు 200 ఫెమ్టోసెకండ్లలో తెగిపోవడాన్ని 1987 నాటికి ఆయన బృందం చూపించింది. సోడియం అయోడైడ్ ప్రయోగం ఇంకా అపురూపమైనది. ఉత్తేజితమైన ఆ అణువులో పరమాణువులు దూరంగా జరిగి, 6.9 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద ఎలక్ట్రాన్ ఒకదాని నుంచి మరొకదానికి మారడంతో మళ్లీ దగ్గరకు లాక్కోబడతాయి. ఇలా ఒక ఊపుకు ఒకటింబావు పికోసెకండు (1,250 ఫెమ్టోసెకండ్లు) చొప్పున అవి ఊగుతుంటే, ప్రతి ఊపులోనూ కొన్ని అణువులు పూర్తిగా విడిపోతాయి. సిద్ధాంతం చెప్పిన రెండు శక్తి వక్రరేఖల కూడలి, అంటే ఎలక్ట్రాన్ మారే ఆ చోటు, ఇక్కడ ప్రయోగశాలలో కొలవదగిన సంగతి అయింది. పరికరం ఎవరిదైనా, ఈ అణువు దగ్గరే ఈ ప్రశ్న అడగాలని గుర్తించిన రసాయన దృష్టి జెవైల్‌ది. బహుమతి గౌరవించింది దానినే.

2023లో ఆటోసెకండ్ (ఫెమ్టోసెకండులో వెయ్యో వంతు) కాంతి స్పందనలకు అగోస్తిని, క్రౌజ్, లుయిలియే ముగ్గురికీ భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. అక్కడ సాధనమే ఆవిష్కరణ కాబట్టి అలా పంచడం న్యాయమే.

మన దగ్గర హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఫెమ్టోసెకండ్ లేజర్లతో పరిశోధన సాగుతోంది. అందువల్ల, రసాయన గతిశాస్త్రం పాఠంలో ఆ శిఖరం బొమ్మ పక్కనే, సోడియం అయోడైడ్ ఊగుతూ క్రమంగా క్షీణించే ప్రయోగ రేఖాచిత్రాన్ని కూడా ముద్రించాలి. కాలం ఊసే లేని బొమ్మను బట్టీపట్టిన విద్యార్థికి, అక్షం మీద ఫెమ్టోసెకండ్లు రాసి ఉన్న ఆ గీత చర్య ఎలా జరుగుతుందో నేరుగా చూపిస్తుంది.