వెనుక చక్ర విస్తరణ పథకం

మా జిల్లాలో ఏ రోడ్డు ఎప్పుడు వెడల్పవుతుందో గోడల మీద గీతలు గీసి పోయిన సారుకు కూడా తెలియదు. ఎర్రగీత గీస్తారు, వానకు వెలుస్తుంది, మళ్లీ గీస్తారు. ఇట్లా ప్రభుత్వం మీద ఆశ వదులుకున్న నల్లగొండ యువత చివరికి చారిత్రక నిర్ణయమొకటి తీసుకుంది. రోడ్డు వెడల్పు కాకుంటే మానె, టైరన్నా వెడల్పు చేద్దాం. దీనికి టెండర్లు అక్కర్లేదు, భూసేకరణ లేదు, కోర్టు స్టేలు లేవు. నిధుల కొరత అసలే లేదు, ఖర్చంతా నాయినది.

పథకం తాజా లబ్ధిదారు మా వీధి చివరింటి పిలగాడు. డిగ్రీ చదువుతున్నాడు, అంటే పేరు రిజిస్టర్లో ఉంది. వాడి బండి వాళ్ల నాయిన 2004లో కొన్న స్ప్లెండర్ ప్లస్, ఏపీ 24 నంబరు. తెలంగాణ వచ్చింది, టీఎస్ వచ్చి పోయింది, టీజీ వచ్చింది, ఆ నంబరు ప్లేటు మాత్రం పుట్టిన రాష్ట్రంలోనే ఉండిపోయింది. ట్యాంకు మీద ఇప్పటికీ హీరో హోండా అనే ఉంటుంది. ఆ రెండు కంపెనీలు ఎప్పుడో వేరుపడ్డాయని ట్యాంకుకు ఎవరూ చెప్పలేదు. ఆ బండికి కంపెనీ ఇచ్చిన వెనుక టైరు 2.75-18. పావు తక్కువ మూడంగుళాల వెడల్పు, మిల్లీమీటర్లలో 70. ఇప్పుడు దానికి 140/70-17 ఎక్కింది, అంటే 140 మిల్లీమీటర్ల వెడల్పు. సరిగ్గా రెట్టింపు. వెనుక నుంచి చూస్తే రోడ్డు రోలరు, ముందు నుంచి చూస్తే సైకిలు.

ఈ జబ్బు ఎప్పుడు తగులుకుందో మనందరికీ తెలుసు. 2008లో యమహా వాళ్లు ఎఫ్‌జెడ్ 16 తెచ్చారు. 153 సీసీ ఇంజను, వెనుక 140/60-17 టైరు, ముందర 100 టైరు, డిస్కు బ్రేకు. ఆ టైరుకు తగ్గ రిమ్ము, ఆ రిమ్ముకు తగ్గ స్వింగార్మ్ (వెనుక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఇనుప కాళ్లు), ఆ రెంటికీ తగ్గ ఛాసిస్. ఇంజినీర్లు కూర్చుని ఒకదానికొకటి లెక్కగట్టి చేసిన బండి. మనవాళ్లకు అందులో టైరొక్కటే కనపడింది. అప్పట్నుంచి ఈ జిల్లాలో పాత బండి ఎక్కడ నిలబడినా దాని వెనుక భాగం వైపు జాలిగా చూసే ఒక తరం తయారైంది. పాలమూరు వాళ్లు మనకంటే ముందున్నారు లెండి. 1996లోనే తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100ను కొత్త బండి ధర పెట్టి కొని, 'ఒరిజినల్ బండి' అని నలుగురికీ చూపించి, మరునాడే దాని వెనుక చక్రం మార్చడానికి జడ్చర్ల దాకా తోసుకుపోయే భక్తులు అక్కడున్నారు.

విస్తరణ పనులు ఊరి బయట ఒక రేకుల షెడ్డులో జరిగాయి. హైదరాబాద్ పుత్లీబౌలిలో కొన్న సెకండ్ హ్యాండ్ అల్లాయ్ చక్రం ఆర్టీసీ బస్సులో లగేజీ టికెట్ కొట్టించుకుని మరీ దిగింది. షెడ్డు ముందర అప్పటికే నిపుణుల కమిటీ సిద్ధంగా ఉంది. అధ్యక్షుడు మెకానిక్ భాయ్. సభ్యులు: ఒక ట్రాక్టరు డ్రైవరు, పంచరు వేయించుకోను వచ్చి సైకిలు సంగతే మరిచిపోయిన రిటైర్డు సారు ఒకరు, పొద్దుట్నుంచి ఏ పనీ లేని నలుగురు యువకులు.

మొదటి అంశం: చక్రం లోపలికి పోదు. స్వింగార్మ్ రెండు కాళ్ల నడుమ జాగా 70 టైరును చూసి పెట్టింది. 140 అక్కడికి వచ్చి ఆగింది. కమిటీ అభిప్రాయాలు కోరారు. 'గాలి తీసి పెట్టుండ్రి' అన్నాడు ట్రాక్టరు డ్రైవరు. గాలి తీశారు. పోలేదు. 'సబ్బునీళ్లు రుద్దుండ్రి.' రుద్దారు. జారి ఒకరి కాలి మీద పడింది గానీ లోపలికి పోలేదు. 'జర వంకర బెట్టి దూర్చుండ్రి' అని సారు సలహా ఇచ్చారు, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. అరగంట చర్చ తరువాత కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది: తప్పు చక్రానిది కాదు, బండిది.

కాబట్టి స్వింగార్మ్ కోశారు. కోసి, నడుమ ఇనుప ముక్క పెట్టి వెల్డింగు కొట్టారు. వెల్డరు కళ్లకు చలువ అద్దాలు, చూసే జనం కళ్లకు అరచేతులు. రెండు కాళ్లు సమానంగా వచ్చాయా లేదా చూడటానికి వాడిన పరికరం భాయ్‌గారి ఎడమ కన్ను. కుడి కన్ను మూసుకున్నారు, కచ్చితత్వం కోసం.

తరువాత చైను వంతు. ఇంజను దగ్గరి చైన్ పాకెట్టు, అంటే చైను పట్టే పళ్ల చక్రం, ఉన్నచోటే ఉంది. వెనుక పాకెట్టు లావు టైరు దెబ్బకు బయటికి జరిగింది. ఆ రెండూ ఒక్క వరుసలో ఉండాలని, లేకుంటే పళ్లు ఒక పక్కనే అరిగి ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద చైను ఊడుతుందని భాయ్‌కి తెలుసు. ముప్పై ఏళ్ల అనుభవం. 'ఫికర్ చెయ్యకుండ్రి, వాషర్లు ఎక్కిస్తే సెట్టయితది' అన్నాడు. ఎక్కించాడు. ముందు పాకెట్టుకు షాఫ్టు మీద మిగిలిన పట్టు గోరంత. దాని మీద పిలగాడి బతుకు మొత్తం ఆధారపడి ఉంది. చక్రం మాత్రం నడిమధ్యన కూర్చోలేదు, ఓ పక్కకు ఒదిగింది. ముందు చక్రం దేవరకొండ రోడ్డు పట్టింది, వెనుక చక్రం మిర్యాలగూడ వైపు చూస్తోంది. 'నడుస్తుంటె అదే సీదా అయితది' అని అధ్యక్షులవారు రూలింగు ఇచ్చారు.

ఇక డబుల్ స్టాండు. పాత టైరు నేల నుంచి పైదాకా 60 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. కొత్తది దాదాపు 63. స్టాండు వేస్తే ముందు చక్రం, వెనుక చక్రం, స్టాండు మూడూ నేల మీదే నిలబడ్డాయి. అంత స్థిరత్వం కంపెనీ కూడా ఊహించి ఉండదు. స్టాండు పీకేశారు. మడ్‌గార్డుకు టైరు రాసుకుంది, మడ్‌గార్డు కోసేశారు. చైను కవరు పట్టలేదు, అవతల పారేశారు. బ్రేకు రాడ్డు కుదరకపోతే వంచి కుదిర్చారు. బ్రేకు మాత్రం మార్చలేదు. ఆగే విషయం పథకంలో లేదు.

ట్రయల్ చూసి వచ్చిన పిలగాడి మొహంలో వెలుగు చూడాల్సింది.

'ఎట్లున్నదిరా?'

'మస్తు గ్రిప్పు కాక!'

'ఇదివరకు జారేదా?'

'జారకపోయేది.'

ఏడున్నర గుర్రాల బలమున్న బండి. ఆ ఇంజను వెనుక చక్రాన్ని నేల మీద గిర్రున తిప్పి జార్చాలంటే ముందు దాన్ని ఎవరైనా బతిమాలాలి. ఆ 70 మిల్లీమీటర్ల టైరు మీదనే వాళ్ల నాయిన యూరియా బస్తా తెచ్చాడు, బస్తా మీద కొడుకును కూర్చోబెట్టి తెచ్చాడు. బత్తాయిలు పోయాయి, పాల క్యాన్లు పోయాయి, పండుగకు నలుగురు కుటుంబం ఒకే సీటు మీద సర్దుకుని పోయింది. గ్రిప్పు చాలలేదని ఎవరూ దరఖాస్తు పెట్టుకోలేదు. వానకాలం నల్లరేగడి తొవ్వలో సన్న టైరు బురదను కోసుకుంటూ గట్టి నేల అందుకుని పోయేది. ఇప్పుడు టైరుకూ స్వింగార్మ్‌కూ నడుమ వేలు కూడా పట్టని సందు. ఆ సందులో బురద నిండితే చక్రం తిరగదు, అంతే. పొలం కాడికి పోవడం ఆ రోజుతో బందు.

పికప్ సంగతి చెప్పనక్కర లేదు. చక్రం బరువెక్కింది, చుట్టుకొలత ఐదు శాతం పెరిగింది, ఇంజను మాత్రం అదే 97.2 సీసీ. ఎత్తు వస్తే నాలుగో గేరు మూలుగుతుంది, మూడో గేరు ఏడుస్తుంది. లావు టైరుతో మలుపులు బాగా తిరగొచ్చని ఇంకో నమ్మకం. ఈ బ్యాచీ మొన్న శ్రీశైలం పోయింది. మన్ననూరు దాటిన తరువాత అడవిని చూసుకుంటూ పోయారు. దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగే మలుపుల్లో బండి వంగనని మొండికేసిందట. లావు టైరు అంతే. అదే మలుపుకు సన్న టైరు కన్నా ఎక్కువ వంగాలి. ముందర సన్నటైరు తిరుగుతానంటుంది, వెనుక లావుటైరు నిలబడతానంటుంది, నడుమ హ్యాండిలు పట్టుకున్నవాడికి దేవుడు గుర్తొస్తాడు. పోయింది దర్శనానికే కాబట్టి ఆ మేరకు ప్రయాణం సార్థకం.

చట్టం కూడా ఉంది, మర్యాద కోసం ప్రస్తావిస్తున్నాను. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52: కంపెనీ నిర్దేశించి, ఆర్‌సీలో ఎక్కిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చరాదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. క్లాక్ టవర్ దగ్గర నిలబడ్డ కానిస్టేబులు ఈ బండిని ఆపాడు కూడా. ఫొటో తీశాడు. హెల్మెట్ లేనందుకు. టైరును చూసి 'ఎంత పడ్డది తమ్మీ?' అని అడిగాడట.

మడ్‌గార్డు దాకా అర్థం చేసుకోవచ్చు, టైరు తగులుతోంది కాబట్టి కోశారు. ఎడమ పక్కన చీర గార్డు దేనికి అడ్డమొచ్చింది? సీటు వెనుక పిడి దేనికి అడ్డమొచ్చింది? అదే పిలగాణ్ని అడిగాను. 'అది ఉంటె టైరు కనపడదు కాక' అన్నాడు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989. 123వ నిబంధన. వెనుక కూర్చున్నవాళ్లు పట్టుకోవడానికి పిడి, కాలు మోపడానికి ఫుట్‌రెస్టు, వాళ్ల బట్టలు చుట్టుకోకుండా వెనుక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే అడ్డం. ఇవి లేకుండా మోటారు సైకిలు తయారు చేయరాదు. ఢిల్లీలో ఏసీ గదిలో కూసోని రాసినోనికి యాదికున్నదిరా, వెనుక సీటు మీద ఒక మనిషి కూసుంటదని. ఆమె చీర కట్టుకుంటదని. నీకెందుకు యాదికి లేదు? ఆ సీటు మీద ఇన్నేండ్లు ఒక పక్కకు కాళ్లేసుకొని కూసున్నది మీ అమ్మ గాదా? నీకు జరమొస్తె ఒక చెయ్యి నీ మీద, ఒక చెయ్యి ఆ పిడి మీద పెట్టుకొని రాత్రికి రాత్రి దవాఖానకు వచ్చింది ఆ బండి మీద గాదా? కొంగు చక్రంల పడితె ఏమైతదో తెలుసా నీకు? చున్నీ మెడకు ఉన్నది, కొస చక్రంల ఉన్నది, బండి నలభై మీద ఉన్నది. ముందట కూసున్నోడు ఎనుకకు తిరిగి చూసేలోపు అయిపోతది. ఊరూరికి ఒక ఇల్లు ఉన్నది గిట్ల ఆడమనిషిని పోగొట్టుకున్నది. పోయి అడుగు. ఆ ఇంటోళ్లకు చూపియ్యి నీ టైరు, ఎంత మంచిగ కనపడుతున్నదో చెప్తరు. గిది తెలిసి గూడ ఆ గార్డు బోల్టులు ఇప్పిన భాయ్, నీకు ఇంట్ల ఆడోళ్లు లేరా? పిలగా, మీ నాయిన పైసలిచ్చెటప్పుడు ఒక్క మాటన్నా అడగలేదా, మీ అమ్మ యాడ కూసోవాలె అని?

గత వారం వాళ్లమ్మ షేర్ ఆటో కోసం ఎండలో నిలబడి ఉంటే అడిగాను.

'ఏంది వదినె, బండి ఉన్నది గద?'

'ఏమో తమ్మీ, పిలగాడు బండి మంచిగ జేయించుకున్నడు. నేను ఎక్కితె సీటు కిందికి దిగి టైరు తగులుతదట.'

ఆమె గొంతులో ఫిర్యాదేమీ లేదు. కొడుకు బండి బాగా చేయించుకున్నాడనే సంతోషమే ఉంది. ఆటోలో అప్పటికే పదిమంది ఉన్నారు, ఆమె పదకొండు.

సాయంత్రం పిలగాణ్ని పట్టుకున్నాను. తీసిన సామాను ఎక్కడ పెట్టినవురా అంటే పాత ఇనుము కింద కిలోల లెక్కన తూకానికి వేశాడట. పాత చక్రం, స్టాండు, గార్డు అన్నీ. పోనీ కొత్తవి కొని పెట్టిద్దాం, నేనే పైసలిస్తా అన్నాను. స్వింగార్మ్ కోసింది కాబట్టి ఇప్పుడు పాత చక్రం పెడితే మళ్లీ సందు మిగులుతుందని, వాషర్లు వేయాల్సొస్తుందని సాంకేతిక కారణాలు వివరించాడు. అదీగాక ఇప్పుడు వెనుకకు పోయే ఉద్దేశమే లేదట. ముందర సన్నగా ఉండి బాగా లేదని దోస్తులు అంటున్నారట. వచ్చే నెల ముందు చక్రానికి 110 వేయిస్తాడు.

'ముందర ఫోర్కు నడుమ పట్టదు గదరా 110?'

'భాయ్ కోస్తడు కాక.'