అందరూ అంటే ఎవరెవరు?

మా కాలేజీలో శనివారం నాలుగో పీరియడ్ పోయింది. రెండేళ్ళుగా ఆ గంట ఫస్ట్ పీయూసీ (మన ఇంటర్ మొదటి ఏడు) పిల్లలతో వాదన రాయించేదాన్ని. ఒక విషయం ఇచ్చి, నువ్వేమంటావు, ఎందుకంటావు, నీతో పడనివాడు ఏమంటాడు అని అడిగి రాయించడం. ఈ జూన్‌లో టైమ్‌టేబుల్ చూస్తే ఆ గంటలో సీఈటీ, అంటే కర్ణాటక ఇంజినీరింగ్ వగైరా సీట్ల ప్రవేశ పరీక్ష, దాని టెస్ట్ సిరీస్ ఉంది. టైమ్‌టేబుల్ వేసినవాళ్ళను అడిగితే, "ఇంగ్లిషులో ఎవరూ ఫెయిల్ కావట్లేదు కదా మేడమ్, ఇంకేం కావాలి?" అన్నారు. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. వారం రోజులుగా అదే మనసులో తిరుగుతోంది. ఇంకేం కావాలో ఇక్కడ రాస్తున్నాను.

నేను బెంగళూరు తూర్పు వైపు ఒక పీయూ కాలేజీలో ఇంగ్లిషు చెప్తాను. క్లాసులో సగానికి సగం మన పిల్లలే. హిందూపురం, కదిరి, మదనపల్లె, చిత్తూరు నుంచి వచ్చి కేఆర్ పురంలో, రామమూర్తి నగర్‌లో స్థిరపడ్డవాళ్ళ పిల్లలు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, నోట్సులో ఇంగ్లిషు. మాటల్లో ఎవరికీ తీసిపోరు. ఆటోవాడితో మూడు భాషల్లో బేరమాడి గెలుస్తారు. అదే పిల్లల చేతికి పెన్నిచ్చి "మొబైల్ ఫోన్ కాలేజీకి తేవచ్చా" అని రాయమంటే ఏం వస్తుందో తెలుసా? ప్రతి నాణేనికీ రెండు వైపులుంటాయని మొదలు. తర్వాత నాలుగు లాభాలు, నాలుగు నష్టాలు. చివర్లో "ఎలా వాడుకుంటామో మన చేతుల్లోనే ఉంది." సగం నోట్సుల్లో ఇదే వరస. టాపిక్ మార్చి టీవీ ఇచ్చినా, ఇంటర్నెట్ ఇచ్చినా అదే వ్యాసం. రాసిన పిల్ల అందులో ఎక్కడా కనపడదు. తేవచ్చో తేకూడదో చివరికీ చెప్పదు. తప్పు వాళ్ళది కాదు. హైస్కూలు నుంచీ గైడు చూసి దించిన చేతులవి. అలా రాస్తే పదికి ఎనిమిది వేసి "గుడ్" అని రాసింది మా పంతుళ్ళమే.

పోయినేడు శక్తి పథకం ఉండాలా వద్దా అని ఇచ్చాను. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి ప్రభుత్వ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. తర్వాత తెలంగాణలో, ఆంధ్రలో కూడా వచ్చింది కాబట్టి ఊళ్ళో అత్తయ్యల దగ్గర్నుంచి అందరికీ దాని మీద ఏదో ఒక మాట ఉంటుంది. ఒకబ్బాయి ఇలా రాశాడు: "ఉచితం వల్ల బస్సుల్లో రద్దీ పెరిగింది. కాబట్టి పథకం తీసెయ్యాలి." ఆ రెండు వాక్యాలూ బోర్డు మీద రాసి మధ్యలో జానెడు జాగా వదిలాను. మొదటి మాట నిజమే అనుకుందాం, దాన్నుంచి రెండో మాటకు ఎలా దూకావు అన్నాను. వాడు, "అది తెలిసిందే కదా మ్యామ్" అన్నాడు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "రద్దీ ఉంటే మనుషుల్ని తగ్గించాలని అనుకున్నాడు మ్యామ్. బస్సులు పెంచాలని కూడా అనుకోవచ్చు కదా." వాడూ ఊరుకోలేదు. టికెట్ డబ్బులు రాకపోతే బస్సులెలా కొంటారన్నాడు. ఆ డబ్బు ప్రభుత్వం కడుతుంది కదా అంది ఆమె. మొత్తం కడుతోందా, టైముకు కడుతోందా అన్నాడు వాడు. అక్కడ క్లాసంతా ఆగిపోయింది. ఎవరికీ తెలీదు. కానీ ఏం తెలుసుకోవాలో నలభై నిమిషాల్లో తెలిసింది. రవాణా సంస్థలకు ప్రభుత్వం ఎంత చెల్లించింది, కొత్త బస్సులు ఎన్ని వచ్చాయి, ఈ రెండూ పై శనివారానికి వెతుక్కుని రమ్మన్నాను. ఇంతకు ముందు నేను ఏ హోంవర్కు ఇచ్చినా అంత ఇష్టంగా చేసుకుని రాలేదు.

ఆ జానెడు జాగాకు బ్రిటిష్ తత్త్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో వారంట్ అని పేరు పెట్టాడు. ఆధారం నుంచి అభిప్రాయానికి మనల్ని దాటించే మాట, చాలాసార్లు పైకి చెప్పకుండా మింగేసే మాట. మనవాళ్ళు దాన్ని ఎప్పుడో పట్టుకున్నారు. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ కనిపిస్తోంది, పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూడట్లేదా అంటుంది న్యాయశాస్త్రం, అంటే మన పాత తర్కశాస్త్రం. ప్రతిజ్ఞ (చెప్పదలచిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (ఉదాహరణను ఇక్కడికి అన్వయించడం), నిగమనం (ముగింపు), ఈ అయిదూ ఉంటేనే ఎదుటివాడికి చెప్పినట్టు. రద్దీ అని రాసిన అబ్బాయి పొగ చూపించి నిప్పు అనేశాడు, వంటిల్లు చూపించలేదు. ఈ మాట అంటే క్లాసులో అందరికీ ఠక్కున అర్థమైంది. ఆ రోజు నుంచి ఒకరి పేపరు ఒకరు దిద్దుకుంటూ మార్జిన్‌లో "వంటిల్లు ఎక్కడ?" అని రాసుకోవడం మొదలుపెట్టారు.

ఆ శాస్త్రమే వాదం, జల్పం, వితండం అని మూడు విడదీసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనదంటూ ఒక మాట నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. మన ఇళ్ళలో మూడోదాని పేరే మిగిలింది. పిల్ల "ఎందుకు" అంటే చాలు, వితండవాదం చెయ్యకు అంటాం. ఎదురు చెప్పడం, ఎదిరించడం, వాదించడం మనకు ఒకటే అయిపోయాయి. పదిహేడేళ్ళు అలా నోరు మూయించి, పద్దెనిమిదో ఏట ఓటు చేతిలో పెడుతున్నాం.

ఎదుటివాడి మాటను ముందు సరిగ్గా చెప్పి, తర్వాత కాదనడం మన తెలుగులో కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం గారు వితంతు వివాహాల కోసం రాసినప్పుడు, వద్దన్నవాళ్ళు నమ్మే ధర్మశాస్త్రాల్లోంచే ప్రమాణాలు తీసి చూపించారు. నా నమ్మకం ఇది, వింటే వినండి అని వదిలెయ్యలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆ మొదటి పెళ్ళి జరగడానికి ముందు ఉపన్యాసాలూ ఖండనలూ ప్రతిఖండనలూ ఎన్నో నడిచాయి. మన పిల్లలకు ఆయన పేరు ఒక మార్కు బిట్టుగా తెలుసు. ఆయన వాదించిన తీరు ఎవరూ చూపించరు.

చదవడం సంగతి ఇంకా కష్టంగా ఉంది. ఎద్దు ఈనిందంటే గాట్లో కట్టెయ్యమన్నట్టు, అచ్చులో ఉంటే నిజమే అనుకుంటారు. అందుకని నేను పాఠ్యపుస్తకం పక్కనపెట్టి, కాలేజీ ఎదురుగా ఉన్న కోచింగ్ హోర్డింగునే చదివించాను. వరసగా ఫోటోలు, కింద ర్యాంకులు, మధ్యలో పెద్ద అక్షరాలతో "ఇవన్నీ మావే." పిల్లలు రోజూ దాని కిందే బస్సెక్కుతారు. ప్రశ్నలు వాళ్ళనే రాయమన్నాను. ఎంతమంది చేరితే ఇంతమందికి వచ్చాయి? రెండేళ్ళు ఇక్కడే చదివారా, ఆఖర్లో టెస్ట్ సిరీస్ ఒక్కటే రాశారా? ఫీజు కట్టి చదివారా, ర్యాంకు వచ్చేలా ఉన్నాడని ఊరికే చేర్చుకున్నారా? ఒకమ్మాయి, "మా మెట్రో స్టేషన్ దగ్గర వేరే బోర్డులో కూడా ఈ అన్నయ్యే ఉన్నాడు మ్యామ్" అంది. ఆ తర్వాతే చెప్పాను, ర్యాంకరు ఏ కోర్సు చదివాడో, ఎన్నాళ్ళు చదివాడో, డబ్బు కట్టాడో లేదో ప్రకటనలోనే చెప్పాలని, ఫోటో వేసుకోవడానికి అతని రాతపూర్వక అనుమతి ఉండాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చిందని. ఆ నియమాలు రాసినవాళ్ళకు వచ్చిన అనుమానాలే మా పిల్లలకూ వచ్చాయి. పదహారేళ్ళ వాళ్ళు, గంటలో.

ఇక సీఈటీ. దాన్ని తక్కువ చెయ్యను, మా పిల్లల బతుకు దాని మీదే ఉంది. సబ్జెక్టుకు 60 ప్రశ్నలు, 80 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం ఇరవై సెకన్లు. నాలుగిట్లో ఒకటి సరైనదని ఎవరో ముందే తేల్చిపెట్టారు, దాన్ని పట్టుకోవడం మన పని. మంచి నైపుణ్యమే. కానీ రెండేళ్ళు పొద్దున ఏడు నుంచి రాత్రి వరకూ అదొక్కటే చేసిన పిల్లకు, ఆప్షన్లు ఇవ్వని ప్రశ్న ఎదురైతే చెయ్యి ఆడదు.

నాకు కడుపు మండేది ఇక్కడే. ఇదే ఊళ్ళో, ఇదే వయసు పిల్లలు ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ సిలబస్) స్కూళ్ళలో చదువుతున్నారు. అక్కడ డిప్లొమా కావాలంటే ప్రతి పిల్లా తనకు నచ్చిన ప్రశ్న తనే వేసుకుని 4000 పదాల దాకా ఒక వ్యాసం రాయాలి. మనకు తెలిసింది ఎలా తెలిసిందో తర్కించే 1600 పదాల వ్యాసం ఇంకొకటి. లక్షల్లో ఫీజు కట్టగలిగినవాళ్ళ పిల్లలకు ప్రశ్నించడం సిలబస్‌లోనే ఉంది. టైల్స్ మేస్త్రీ కొడుక్కి, అపార్ట్‌మెంట్లలో వంట చేసే ఆమె కూతురికి మాత్రం టైమ్ వేస్టు. రేపు ఆఫీసుల్లో ఎవరు మాట్లాడతారు, ఎవరు తలూపుతారు అన్నది ఇక్కడే తేలిపోతోంది. ఈ మాట నేను ఎన్ని స్టాఫ్ మీటింగుల్లో అన్నానో లెక్కలేదు.

దీనికి కొత్త సిలబస్ ఏమీ అక్కర్లేదు. ఇప్పుడు మా పేపరులో 80 మార్కులు రాత పరీక్షకు, 20 ఇంటర్నల్స్‌కు. నేను చూసినంతలో ఆ ఇరవై అందరికీ పంచిపెట్టేవే. అందులో ఒక అసైన్‌మెంటును వాదనకు ఇచ్చెయ్యొచ్చు. మూడు పేజీలు. ఎదుటి పక్షం ఒక పేజీ తప్పనిసరి, అది చదివి ఎదుటివాడు "అవును, నేననేది ఇదే" అనాలి. ఒప్పుకోకపోతే మళ్ళీ రాయాలి.

ఈ పేజీ సంగతి నేను పుస్తకాల్లో చూసి చెప్పట్లేదు. పోయిన ఫిబ్రవరి పేరెంట్స్ మీటింగుకు ఒక తండ్రి కోపంగా వచ్చాడు. కదిరి వైపు మనిషి, ఇక్కడ టైల్స్ పని కాంట్రాక్టుకు తీసుకుంటాడు. "ఏం మేడం, మీరు చెప్పిచ్చేది ఇదేనా? అందరూ ఇంజినీరింగే చేస్తాండారు, నువ్వూ అదే చెయ్యి అంటే, అందరూ అంటే ఎవరెవరు నాయినా అని అడుగుతాండాడు." కొడుకు తల వంచుకుని పక్కనే ఉన్నాడు. వాడికి లా చదవాలని ఉంది. నాకు నవ్వు రాలేదు, భయమేసింది. ఇంట్లో గొడవ నా వల్ల వచ్చింది. అబ్బాయిని పక్కకు పిలిచి, నాన్న పక్షం ఒక పేజీ రాసుకుని రా, నీది తర్వాత అన్నాను.

వారానికి ఇద్దరూ మళ్ళీ వచ్చారు. నాన్నకు ఇంగ్లిషు రాదు, వాడికి తెలుగు రాయడం రాదు. ఇంగ్లిషులో రాసింది చూస్తూ తెలుగులో చదివాడు. నాన్న ముప్పై ఏళ్ళుగా మోకాళ్ళ మీద కూర్చుని టైల్స్ పరిచాడని, నెల తిరిగేసరికి ఖాతాలో జీతం పడే బతుకు ఎలా ఉంటుందో ఆయన ఇంతవరకూ చూడలేదని, తను పనిచేసిన ఫ్లాట్లన్నీ ఇంజినీర్లే కొన్నారని, ఆయన "అందరూ" అనేది వాళ్ళనేనని. అక్కడ వాడి గొంతు పట్టేసింది. ఆయన కాసేపు కిటికీ వైపు చూశాడు. "నేను చెప్పలేనివి గూడా రాసినాడే" అన్నాడు.

లా చదివిస్తానని అనలేదు. రెండో పేజీ కూడా చదవమన్నాడు, అంతే. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. వాడు చదువుతుంటే మధ్యలో రెండుసార్లు ఆపి, "దానికి ఆధారమేంది?" అని అడిగాడు.