ఆ ‘ఏడు రహస్యాల’ మెసేజ్ ఇక నాకు పంపకండి

‘విదేశీ టెక్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం: ఎవరూ చెప్పని ఏడు రహస్యాలు’ అనే మెసేజ్ ఎన్ని గ్రూపుల్లోంచి వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. పంపేవాళ్లంతా తెలివైనవాళ్లే. కింద ‘చాలా యూజ్‌ఫుల్, సేవ్ చేసుకోండి’ అని కూడా తగిలిస్తున్నారు. సేవ్ చేసుకునే ముందు ఒక్కసారి చదివితే బాగుండేది.

మొదటి రహస్యం, పజిళ్లు ప్రాక్టీస్ చేయాలట. విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి, ఆ బాపతు. వీటివల్ల తేలేదేమీ లేదని, శుద్ధ టైమ్ వేస్ట్ అని గూగుల్‌లో నియామకాలు చూసిన లాస్లో బాక్ 2013లోనే చెప్పేశారు. మెసేజ్ రాసినాయనకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

రెండోది, అమెరికన్ యాస. గంటసేపు అరువు యాసలో మాట్లాడితే అవతలివాళ్లకు అర్థం కాదు, మనకు ఊపిరాడదు. నిదానంగా మాట్లాడండి, చాలు.

మూడోదాని దగ్గర కాస్త ఆగాలి. ‘లీట్‌కోడ్‌లో 500 ప్రాబ్లమ్స్ బట్టీ పట్టు, మాట్లాడకుండా చకచకా రాసెయ్.’ లీట్‌కోడ్ అంటే కోడింగ్ ప్రశ్నలు ప్రాక్టీస్ చేసే వెబ్‌సైట్. సరే, ఒక అరే (సంఖ్యల వరస) ఇచ్చి, అందులో ఏ రెండు సంఖ్యలు కలిపితే ఫలానా మొత్తం వస్తుందో కనుక్కోమన్నారనుకుందాం. బట్టీ పట్టినవాడు హ్యాష్ మ్యాప్ (చూసిన సంఖ్యను వెంటనే వెతికిచ్చే పట్టిక) పెట్టి క్షణాల్లో రాసేస్తాడు. అసలు ఇంటర్వ్యూ మొదలయ్యేది అక్కడే. ‘అరే ముందే చిన్న నుంచి పెద్దకు సార్ట్ అయి ఉంది, అదనపు మెమరీ వాడకూడదు. ఇప్పుడేం చేస్తారు?’ చెరో చివర ఒక పాయింటర్ (ఎక్కడున్నామో చూపే గుర్తు) పెట్టి లోపలికి జరుపుకుంటూ రావాలని తట్టాలి. వెంటనే తట్టకపోయినా, ‘మొత్తం ఎక్కువైతే పెద్ద సంఖ్యను వదిలేయాలి కదా’ అని పైకి అంటూ ఉంటే అవతలివాళ్లు ఒక మాట అందిస్తారు. నోరు మెదపనివాడు ఎక్కడ ఆగిపోయాడో వాళ్లకెలా తెలుస్తుంది?

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఈ సలహా వెనక ఉన్న కడుపుమంట న్యాయమైనదే. రోజూ చేసే పనికీ ఈ పరీక్షకీ పొంతన తక్కువ. మ్యాక్ కంప్యూటర్లు వాడే ఇంజినీర్లలో చాలామందికి తెలిసిన, సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేసే హోమ్‌బ్రూను తయారుచేసిన మ్యాక్స్ హోవెల్, బైనరీ ట్రీని (డేటాను కొమ్మల్లా అమర్చే పద్ధతి) తిరగేయలేకపోయినందుకు గూగుల్ తనను వద్దందని 2015లో మండిపడ్డాడు. ఒక ప్యానెల్ భేషన్న మనిషినే ఇంకో ప్యానెల్ పంపించేస్తుంది. అదృష్టం పాత్ర లేదని చెప్పేవాళ్లను నేనూ నమ్మను. సాధన చేయక తప్పదు. ఇందులో మెసేజ్‌ది సగం గెలుపు.

నాలుగోది, పాత జీతం రెట్టింపు చేసి చెప్పమంటుంది. కాలిఫోర్నియాలో 2018 నుంచి పాత జీతం అడగడానికే కంపెనీకి హక్కు లేదు. 2023 నుంచి 15 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీలు జీతం రేంజ్‌ను ప్రకటనలోనే వేయాలి. అడగని ప్రశ్నకు అబద్ధం ఎందుకు తయారు చేసుకోవడం? ఇంకెక్కడైనా అడిగితే, ఈ పోస్టుకు మీరెంత అనుకుంటున్నారని ఎదురు అడగండి.

నాకు ఒళ్లు మండేది ఐదు, ఆరు దగ్గర. ‘రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్‌ను ఆరేళ్లు చెయ్యి, అందరూ చేసేదే.’ ‘టెన్షన్‌గా ఉంటే నీ బదులు ఇంకొకరిని కూర్చోబెట్టు, లేదంటే పక్క స్క్రీన్‌లో ఏఐ పెట్టుకో.’ ఆహా! చేరాక రోజూ జరిగే టీమ్ మీటింగ్ స్టాండప్‌కు కూడా ఆయన్నే పంపుతారా? అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఆయన నంబరే ఇస్తారా? కంపెనీలకు ఈ వేషాలు తెలియవనుకోవడం మరీ అమాయకత్వం. రిమోట్ ఉద్యోగాల కోసం డీప్‌ఫేక్ ముఖాలతో, దొంగిలించిన వివరాలతో వస్తున్నారని ఎఫ్‌బీఐ 2022లోనే హెచ్చరించింది. కనీసం ఒక రౌండైనా ఎదురుగా కూర్చోబెట్టి చేస్తామని సుందర్ పిచాయ్ 2025లో అన్నారు. ఇక ఏఐని చూసి చదివేవాళ్ల సంగతి: ప్రశ్న పడగానే మౌనం, కళ్లు ఒక పక్కకి, ఆపైన కామా కూడా తప్పని పేరా. ‘ఈ లైన్ ఎందుకు రాశారు?’ అంటే మళ్లీ అదే మౌనం.

దొరికిపోయి ఉద్యోగం రాకపోతే నిజానికి అదృష్టమే. దొరక్కుండా వస్తేనే అసలు కథ. రెజ్యుమేలో రాసింది హెచ్‌ఆర్ దగ్గర ఆగిపోదు. అమెరికాలో కంపెనీ ద్వారా గ్రీన్ కార్డుకు వెళ్తే పాత కంపెనీల ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అడుగుతారు. అప్పుడు లేని ఆరేళ్లకు లెటర్ పుట్టించి ప్రభుత్వానికే అబద్ధం చెప్పాలి, లేదా కంపెనీ ముందు నిజం ఒప్పుకోవాలి. కావాలని తప్పుడు సమాచారం ఇచ్చి వీసా తెచ్చుకోజూశారని తేలితే, చట్టం ప్రకారం ఆ దేశంలోకి జీవితాంతం అనర్హత. మినహాయింపు దొరకడం చాలా కష్టం. బ్రిటన్‌లో వీసా దరఖాస్తులో మోసం చేస్తే నిషేధం 10 ఏళ్లు. ‘అందరూ చేసేదే’ అన్న పెద్దమనిషి ఆ రోజు వీసా ఇంటర్వ్యూకి తోడు రాడు, కనీసం ఫోనైనా ఎత్తుతాడనుకోను.

ఏడోది, ‘మాకు డబ్బు కడితే స్పాన్సర్‌షిప్ గ్యారంటీ’. అంటే కంపెనీయే మన వీసాకు పూచీ పడటం. గమనించారా, ఆరు రహస్యాలు ఉచితం, ఏడోదానికి మాత్రం ఫోన్ నంబరుంది! అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీ కోటా ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. అంతకంటే ఎక్కువమంది వరసలో ఉన్నప్పుడు లాటరీయే. లాటరీకి గ్యారంటీ ఇచ్చేవాడు ఎలాంటివాడో మీరే చెప్పండి. పైగా ఆ వీసా కోసం కంపెనీ వేసే పిటిషన్‌కు కంపెనీ పెట్టుకోవాల్సిన లాయరు ఖర్చును ఉద్యోగి నెత్తిన రుద్దడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. బ్రిటన్, నెదర్లాండ్స్ అయితే స్పాన్సర్ చేయడానికి అనుమతి ఉన్న కంపెనీల జాబితాను ప్రభుత్వ సైట్లలోనే పెట్టాయి. వెతకడానికి పైసా ఖర్చు లేదు. బ్రిటన్ జాబితాలో పేరు లేని కంపెనీ ఎంత ప్రేమగా ఆఫర్ లెటర్ పంపినా, దాన్ని పట్టుకుని స్కిల్డ్ వర్కర్ వీసా రాదు.