బ్యాంకాక్ 1970: మనం లెక్కలో వేసుకోని కాంస్యం

భారత ఫుట్‌బాల్ ఘనత అనగానే 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం గుర్తుకొస్తాయి. 1963లో కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కన్నుమూశాక ఇక అంతా పతనమేనన్న అభిప్రాయం పాతుకుపోయింది. ఆ అభిప్రాయం తప్పని చెప్పడానికి 1970 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో వచ్చిన కాంస్యం ఒక్కటి చాలు. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల పతకం మళ్లీ మనకు రాలేదు.

అదేమీ సులువైన ప్రత్యర్థులు ఎదురైనందుకు దక్కిన పతకం కాదు. ఆతిథ్య థాయిలాండ్‌తో 2–2 డ్రా. ఆ రెండు గోల్సూ సుభాష్ భౌమిక్‌వే. దక్షిణ వియత్నాంపై 2–0 గెలుపు. రెండో దశలో ఇండోనేషియాను 3–0తో ఓడించినా జపాన్ చేతిలో 0–1 తేడాతో ఓడారు. సెమీస్‌లో బర్మా 2–0తో గెలిచింది. ఆ దెబ్బ తర్వాత కాంస్యం కోసం మళ్లీ జపాన్‌తోనే తలపడాల్సి వచ్చింది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దేశమది. ఈసారి మన్‌జిత్ సింగ్ కొట్టిన ఒక్క గోల్‌తో లెక్క తిరగబడింది. కొద్ది రోజుల తేడాతో అదే ప్రత్యర్థిపై 0–1ను 1–0గా మార్చడం, గోల్ ఇవ్వకుండా చివరిదాకా నిలబడటం గట్టి జట్టు మాత్రమే చేయగల పని. ఆనాడు మన దేశవాళీ మ్యాచ్‌లు 70 నిమిషాలే సాగేవి. అలా అలవాటుపడ్డ కాళ్లతో వరుసగా 90 నిమిషాల మ్యాచ్‌లు ఆడారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ పతకంలో హైదరాబాద్ వాటా చిన్నది కాదు. కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు నుంచి 1966లో కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిన డిఫెండర్. ముందు వరుసలో మొహమ్మద్ హబీబ్ కూడా మనవాడే. రహీం పోయిన ఏడేళ్లకూ ఆయన వేసిన పునాది పనిచేస్తూనే ఉంది.

మరి ఎక్కడ చెడింది? 1974 ఏప్రిల్‌లో అదే బ్యాంకాక్‌లో మన కుర్రాళ్లు ఆసియా యూత్ టైటిల్‌ను ఇరాన్‌తో కలిసి పంచుకున్నారు. ఫైనల్ 2–2. కెప్టెన్ షబ్బీర్ అలీ, ఆయనా హైదరాబాదీనే. అదే ఏడాది సెప్టెంబరులో టెహ్రాన్ ఆసియా క్రీడల్లో సీనియర్లు ఇరాక్ చేతిలో 0–3, చైనా చేతిలో 1–7, ఉత్తర కొరియా చేతిలో 1–4తో ఓడారు. ప్రతిభ ఎండిపోయిందనడానికి వీల్లేదు. యూత్ విజయమే అందుకు సాక్ష్యం.

నా దృష్టిలో అసలు లోపం జట్టుకు మ్యాచ్‌లు లేకపోవడం. క్లబ్బుల క్యాలెండర్ నిండుగా ఉండేది, జాతీయ జట్టుది ఖాళీగా ఉండేది. ఆ దశాబ్దంలో మనవాళ్లు ఒక్క ప్రపంచకప్ అర్హత మ్యాచ్ కూడా ఆడలేదు. మొదటిది ఆడింది 1985లో. బ్యాంకాక్ జట్టును కలిపి ఉంచి, ఏటా జపాన్, కొరియా స్థాయి జట్లతో ఆడించి ఉంటే 1974 నాటికి ఆ అనుభవం షబ్బీర్ తరానికి అందేది. ఆ పని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య చేయాల్సింది, చేయలేదు. హబీబ్‌కు అర్జున అవార్డు దక్కింది కూడా 1980లోనే, అంటే బ్యాంకాక్ నుంచి పదేళ్లకు.