శ్రీ సేకరణ గారికి ఒక బ్లాగరి లేఖ

మహారాజశ్రీ సేకరణ గారికి,

ఉభయకుశలోపరి. తెలుగులో మీ అంత విస్తారంగా రాసినవారు ఇంకొకరు లేరు. వంకాయ కూర నుంచి వేదాంతం దాకా, మోకాళ్ళ నొప్పుల నుంచి మొఘలుల దాకా మీరు ముట్టని విషయం లేదు. పేపర్లో వ్యాసం చివర, ఆవగింజంత అక్షరాల్లో మీ పేరు కనిపిస్తే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టబుద్ధేస్తుంది. ఇంత రాసీ ఏనాడూ పారితోషికం అడగలేదట. అందుకేనేమో పత్రికలకు మీరంటే అంత ఇష్టం.

నేను మీకు గుర్తుండను. మన పరిచయం 2009లో, ఒక ఆదివారం అనుబంధంలో. అప్పట్లో నేను బ్లాగు రాసేవాణ్ణి.

అదేమంత తేలిక పని కాదండీ. కంప్యూటర్లో తెలుగు సరిగ్గా కనబడాలంటే విండోస్ ఎక్స్‌పీ సీడీ ఎవరి దగ్గరుందో వెతకాలి. కంట్రోల్ ప్యానెల్లో ఎక్కడో మారుమూల గడిలో టిక్కు పెట్టాలి, రీస్టార్ట్ చెయ్యాలి. ఆ తర్వాత లేఖిని తెరిచి పై గడిలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే కింది గడిలో తెలుగు పడేది. టపా (బ్లాగులో రాసిన ముక్కని అలా అనేవాళ్ళం) వేశాక, తెలుగు బ్లాగులన్నీ ఒక్కచోట కనబడే 'కూడలి' సైట్లో వచ్చిందా లేదా అని పదిసార్లు చూసుకోవడం, నలుగురు వ్యాఖ్య పెడితే ఆ రాత్రికి నిద్ర పట్టకపోవడం. మా బాబాయి ఒకసారి అడిగాడు, "బ్లాగంటే ఏంట్రా, డబ్బులొస్తాయా?" రావన్నాను. "పోనీ పేపర్లో వేస్తారా?" వెయ్యరన్నాను. "ఉద్యోగం ఉందిగా ఇంకా?" అన్నాడు, గొంతు తగ్గించి.

పత్రికలు మమ్మల్ని అప్పుడప్పుడూ పరిచయం చేసేవి, కాదనను. కొత్తగా నడక నేర్చిన పిల్లాణ్ణి చుట్టాలకు చూపించినట్టు, ముద్దుగా. రచయితలని మాత్రం నోరు జారేవి కావు. ఎడిటర్ లేని రాతలు, తప్పు దిద్దే దిక్కు లేని రాతలు అని పెదవి విరుపు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

బ్లాగుల్ని నిజంగా సీరియస్‌గా తీసుకున్నది ఒక్క ప్రభుత్వమే. 2006 జులైలో ముంబయి రైళ్ళలో పేలుళ్ళ తర్వాత ఇరవై లోపు సైట్లు ఆపమని టెలికాం శాఖ చెబితే, ఇంటర్నెట్ కంపెనీలు ఏకంగా బ్లాగులుండే బ్లాగ్‌స్పాట్ సైటు మొత్తానికే తాళం వేశాయి. పుట్నాల పొడి చేసే విధానం కూడా దేశభద్రత కోసం కొన్నాళ్ళు కనబడకుండా పోయింది. నేను అప్పటికింకా మొదలుపెట్టలేదు, ఆ గౌరవం నాకు దక్కలేదు.

ఇక మన సంగతి. ఆ ఆదివారం పొద్దున్నే అమ్మ ఫోను. "ఒరేయ్, ఇవాళ పేపర్లో ఎవరో అచ్చం మా అమ్మ గురించే రాసినట్టు రాశార్రా! సెలవులైపోయి పిల్లలు బస్సెక్కడం, కిటికీలోంచి జంతికల డబ్బా అందించడం... ఎంత బాగా రాశాడో. నువ్వూ ఉన్నావు, ఎప్పుడు చూడూ ఆ కంప్యూటర్ ముందు!"

పరిగెత్తుకెళ్ళి పేపరు కొన్నాను. నా టపానే. మొదటి మాట నుంచి చివరి మాట దాకా. కింద మీ పేరు.

నాదేనని ఎలా చెప్పగలనంటారా? లేఖినిలో 'ళ' పడాలంటే షిఫ్ట్ నొక్కి ఎల్ కొట్టాలి. నేను నొక్కలేదు. "బస్సు కదిలేసరికి అమ్మమ్మ కల్లు తుడుచుకుంది" అని పడింది. చూసుకోలేదు. అదే వాక్యం, అదే కల్లు, లక్షల ప్రతుల్లో. ఇంకో సంగతి చెప్పనా? అప్పట్లో పత్రికలవాళ్ళ పేజీలు వేరే ఫాంట్లలో తయారయ్యేవి. నెట్లో మేం వాడే యూనికోడ్ తెలుగు తెచ్చి అతికిస్తే చెత్త గుర్తులే పడేవి. అంటే ఎవరో కూర్చుని నా టపా మొత్తం మళ్ళీ టైపు చేశారన్నమాట. పాపం, కల్లు కొట్టేటప్పుడు ఆయన వేళ్ళు ఒక్క క్షణమైనా ఆగి ఉంటాయి. పైన దిద్దేవాళ్ళున్నారు కదా అనుకుని ఉంటాడు.

ఆఫీసుకి ఫోను చేశాను. అవతలాయన చాలా మర్యాదస్తుడు.

"అది నాదండీ."

"నెట్లో ఉంది కదండీ?"

"ఉంది. పైన నా పేరు కూడా ఉంది."

"ఊరికే వాడుకోలేదండీ, సేకరణ అని వేశాం. ఇంతకీ మీరు రైటరా?"

"కాదండీ, బ్లాగర్‌ని."

"అదీ" అన్నారాయన, తలనొప్పి తగ్గిన గొంతుతో.

1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ చదివి వినిపించాను. హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నేను రాశానని చెప్పుకునే హక్కు రాసినవాడికి మిగిలే ఉంటుందని. "మంచి విషయం సార్, దీని మీద ఒక వ్యాసం రాసి పంపండి" అన్నారు. పంపలేదు. మళ్ళీ మీ పేరుతో వస్తుందని భయం.

తర్వాత కాలం మారింది. 2020 లాక్‌డౌన్‌లో జనం ఈ-పేపర్ల పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో పంచుకుంటుంటే, అది నేరం, కాపీరైట్ ఉల్లంఘన అని పత్రికలవాళ్ళు హెచ్చరించారు. చదివి నాకు చాలా బాధేసింది. ఫోన్ చేసి ఓదార్చాలనిపించింది. "నెట్లో ఉంది కదండీ" అని.

బ్లాగులు ఇప్పుడు ఊడ్చేవాళ్ళు లేని వాకిళ్ళలా ఉన్నాయి. మీరు మాత్రం వాట్సాప్‌కి మారి మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉన్నారు. మొన్న మా కుటుంబం గ్రూపులోకీ వచ్చారు, నా అమ్మమ్మను వెంటబెట్టుకుని. దారిలో ఎవరికో ఆ వాక్యం అర్థం కాక సరిదిద్దినట్టున్నారు. "బస్సు కదిలేసరికి అమ్మమ్మ కల్లు తాగి మూతి తుడుచుకుంది." కింద మీ పేరు.

ఇరవై మూడు దణ్ణాలు వచ్చాయి. అమ్మ మాత్రం నాకు విడిగా మెసేజ్ పెట్టింది: "ఎవర్రా ఈ ముసలావిడ? మా అమ్మ అలాంటిది కాదు."

ఇట్లు,
మీ ముడిసరుకు